ఎం.ఎస్.డబ్ల్యు. విద్యార్థులు మీ సంస్థకు వస్తున్నారా? పర్యవేక్షణకు ఏ పద్ధతి ఎక్కడ పనికొస్తుంది

విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వస్తుంది. ‘మా ఎం.ఎస్.డబ్ల్యు. (సోషల్ వర్క్‌లో పీజీ) విద్యార్థులు ఇద్దరిని ఫీల్డ్ వర్క్ నిమిత్తం మీ సంస్థకు పంపుతున్నాం, సహకరించగలరు’ అని రెండు వాక్యాలు, కింద విభాగాధిపతి సంతకం, ముద్ర. డైరెక్టరు గారు దాని మీద మీ పేరు రాసి మీ బల్ల మీదకు పంపుతారు. వచ్చే బుధవారానికి ఇద్దరు పిల్లలు భుజాన సంచులు, చేతిలో కొత్త రికార్డు పుస్తకాలతో గుమ్మంలో నిలబడి ఉంటారు. వాళ్లకు ఏం పని చెప్పాలన్నది టీ తాగేలోపు ఆలోచించేయవచ్చు. వాళ్లను ఎలా పర్యవేక్షించాలన్నది మాత్రం ఎవరూ కూర్చుని ఆలోచించరు. అది దానంతట అదే ఏదో ఒక దారిలో పడుతుంది. చాలాచోట్ల సాయంత్రం అయిదింటికి రికార్డు మీద పెట్టే సంతకమే పర్యవేక్షణగా తేలుతుంది.

ఆ బాధ్యత కొత్తగా మీద పడ్డవారి కోసం ఇది రాస్తున్నాను. పద్ధతులు చాలానే ఉన్నాయి, ప్రతిదానికీ దాని మంచి దానికుంది. వాటిని తూచడానికి నేను పట్టుకునే కొలత ఒకటే. విద్యార్థి ఒక మాట తప్పుగా అన్నా, ఒక పని తప్పుగా చేసినా అది మీ చెవిన పడడానికి ఎంతసేపు పడుతుంది? ఆ లోపల దాని ఫలితం ఎవరు అనుభవిస్తారు? విద్యార్థి ఎంత నేర్చుకుంటాడు, సంస్థకు ఎంత పని కలిసొస్తుంది అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు. చాలా సంస్థలు వాటితోనే మొదలుపెడతాయి, అక్కడే గాడి తప్పుతుంది.

ముందుగా గంటల సంగతి. 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేరిట విద్యాలయం, అంటే ఇప్పటి టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్), మొదలైన నాటి నుంచీ క్షేత్రంలో పని ఈ చదువులో విడదీయలేని భాగం. వారానికి రెండు రోజులు, ఇంచుమించు 15 గంటలు అన్నది మన విశ్వవిద్యాలయాల్లో తరచుగా కనిపించే ఏర్పాటు. సెమిస్టరుకు 15 వారాలు అనుకుంటే రెండేళ్లలో 900 గంటలవుతుంది. అమెరికాలో మాస్టర్స్ విద్యార్థికి అక్కడి గుర్తింపు మండలి పెట్టిన కనీస పరిమితి కూడా 900 గంటలే. మన పిల్లలు క్షేత్రంలో తక్కువసేపు ఉంటున్నారన్న మాట కనీసం కాగితం మీద నిలవదు. ఆ గంటల్లో వాళ్ల పక్కన ఎవరున్నారన్న దగ్గరే తేడా అంతా వస్తుంది.

చూసుకునేది ఎవరు?

ఇక్కడ నాలుగు దారులున్నాయి. సంస్థలోనే ఎం.ఎస్.డబ్ల్యు. చదివిన ఉద్యోగికి అప్పగించడం మొదటిది. చదువు వేరైనా క్షేత్రం తెలిసిన కోఆర్డినేటరుకు అప్పగించడం రెండోది. కాలేజీ అధ్యాపకుడే అంతా చూసుకోవడం మూడోది. అధ్యాపకుడూ కోఆర్డినేటరూ పంచుకోవడం నాలుగోది.

మొదటిది దొరికితే అంతకు మించింది లేదు. ఆసుపత్రిలో సైకియాట్రిక్ సోషల్ వర్కరో మెడికల్ సోషల్ వర్కరో ఉంటే ఆ విద్యార్థి అదృష్టవంతుడు. కేస్ వర్క్ (ఒక్కో మనిషితో విడిగా చేసే పని) గురించి తరగతిలో విన్నది వార్డులో ఏ రూపంలో ఉంటుందో చూపించగలిగిన మనిషి కళ్లెదుటే ఉంటారు, తప్పు జరిగిన పూటే తెలిసిపోతుంది. ఒక్క చిక్కు ఏమిటంటే, అలాంటివారికి అప్పటికే తలకు మించిన పని ఉంటుంది. వాళ్ల రోజువారీ పని తగ్గించకుండా విద్యార్థులను అంటగడితే ‘ఆ ఫైళ్లు కాస్త సర్దిపెట్టండి’ అనే మాటతో సెమిస్టరు గడిచిపోతుంది. అప్పగించేటప్పుడే వారానికి మూడు నాలుగు గంటలు దీనికే అని డైరెక్టరు చేత రాయించుకోవాలి. మన దగ్గర చాలాచోట్ల ఏజెన్సీ సూపర్‌వైజరుకు (అంటే సంస్థ తరఫున పర్యవేక్షించేవారికి) పారితోషికమూ ఉండదు. కనీసం సమయమైనా ఇవ్వకపోతే ఎలా?

రెండో దారిని చదువుకున్నవారు చిన్నచూపు చూస్తారు. నాకు ఆ అభిప్రాయం లేదు. మహిళా సంఘాల్లో ఏళ్ల తరబడి పనిచేసిన కోఆర్డినేటరమ్మకు ఏ ఇంట్లో అప్పు ఎందుకు పుట్టిందో, ఏ వీధిలో ఎవరి మాట చెల్లుతుందో తెలుసు. విద్యార్థి ఊళ్లో నోరు జారితే సాయంత్రంలోపు ఆమెకు కబురు అందుతుంది. నా కొలత ప్రకారం అది పెద్ద బలం. ఆమె ఇవ్వలేనిది ఒకటుంది: ‘నువ్వు ఇలా ఎందుకు అన్నావు, నీ లోపల ఏం జరిగింది’ అని విద్యార్థి చేత విడమరిపించడం. ఆమె తప్పును తానే సరిదిద్దేస్తుంది. ఊరికి అది మేలే, విద్యార్థికి మాత్రం ఏం జరిగిందో అర్థం కాకుండానే మిగిలిపోతుంది.

మూడోది కాలేజీకి సులువు, సంస్థకు ఇంకా సులువు. అందుకే ఇది ఎక్కువగా కనిపిస్తుంది. అధ్యాపకుడి కింద పదిమంది దాకా విద్యార్థులు ఉంటారు, పదిచోట్ల ఉంటారు. ఆయన మీ ఆఫీసుకు సెమిస్టరులో ఒకటి రెండు సార్లు రాగలరు. మిగతాదంతా విద్యార్థి చెప్పిందీ రాసిందీ. తప్పు జరిగిన రోజుకూ ఆయనకు తెలిసే రోజుకూ వారం తేడా, కొన్నిసార్లు ఎన్నటికీ తెలియదు. పిల్లలతో, మానసిక రోగులతో, హింసకు గురైన మహిళలతో పనిచేసే చోట దీన్ని ఒప్పుకోకండి. గ్రంథాలయం నడిపే సంస్థో, మొక్కలు నాటించే సంస్థో అయితే ఫరవాలేదు.

నా ఓటు నాలుగోదానికి. రోజువారీ పని కోఆర్డినేటరు చూస్తారు, వారానికోసారి అధ్యాపకుడు దాన్ని పాఠంతో ముడిపెడతారు. అమెరికాలో ఫీల్డ్ ఇన్‌స్ట్రక్టరుకు సోషల్ వర్క్‌లో మాస్టర్స్ డిగ్రీ, ఆపైన రెండేళ్ల అనుభవం ఉండాలన్న నియమం ఉంది. అలాంటివారు సంస్థలో లేకపోతే ఆ లోటును విద్యాలయమే భర్తీ చేయాలి. అంటే వాళ్లూ ఈ నాలుగో దారినే అత్యవసర ద్వారంగా ఉంచుకున్నారు. మన దేశంలో సోషల్ వర్క్ మొత్తానికి చట్టబద్ధమైన మండలి లేదు. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం తన జాబితాలో మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను చేర్చింది గానీ, బస్తీలో, బాలసదనంలో, పల్లెలో పనిచేసేవారిని పర్యవేక్షించడానికి ఎవరు తగినవారో చెప్పే నియమం పైనుంచి రాలేదు. ఆ నిర్ణయం మీ చేతుల్లోనే ఉంది.

నాలుగో దారికి ఉన్న ప్రమాదం అందరికీ తెలిసిందే: ఇద్దరు చూస్తున్నారంటే ఎవరూ చూడడం లేదని అర్థం కావచ్చు. దానికి మందు ఒక్క పేజీ కాగితం. ఏదైనా జరిగితే విద్యార్థి మొదట ఫోను చేయాల్సింది ఎవరికి? ‘నువ్వు ఇవాళ ఆ ఇంటికి వెళ్లొద్దు’ అని ఆపే అధికారం ఎవరిది? రికార్డు చదివేది ఎవరు? సెలవు ఇచ్చేది ఎవరు? పోలీసులకో బాలల సంక్షేమ సమితికో సమాధానం చెప్పేది ఎవరు? ఈ అయిదింటికీ ఎదురుగా పేర్లు రాసి, మూడు కాపీలు తీసి, ముగ్గురూ దగ్గర పెట్టుకోండి. నాలుగో ప్రశ్న చిల్లరగా కనిపిస్తుంది గానీ ఎక్కువ గొడవలు వచ్చేది అక్కడే. కాలేజీలో సెమినారు ఉందని విద్యార్థి, ఆ సంగతి మాకు చెప్పలేదని సంస్థ.

వారానికి రెండు రోజులా, ఏకబిగిన బ్లాకా?

ఇది చాలాసార్లు మీ చేతిలో ఉండదు, కాలేజీ క్యాలెండరే తేలుస్తుంది. అడిగే అవకాశం ఉంటే మాత్రం అడగండి.

రెండు రోజుల పద్ధతిలో విద్యార్థి తరగతికీ క్షేత్రానికీ మధ్య తిరుగుతూ ఉంటాడు, విన్నదాన్ని వెంటనే చూస్తాడు. నిదానంగా సాగే పనికి ఇది కుదురుతుంది: బడి, బస్తీ, వృద్ధాశ్రమం, కుటుంబ సలహా కేంద్రం. ఇబ్బంది అంతా శుక్రవారానికీ బుధవారానికీ మధ్యన. శుక్రవారం సాయంత్రం ఒక తల్లి ‘మళ్లీ ఎప్పుడొస్తారమ్మా’ అంటే విద్యార్థిని ‘త్వరలోనే వస్తాను’ అంటుంది. ఆ నాలుగు రోజులు ఆ తల్లి ఎవరిని అడగాలి? రెండు రోజుల పద్ధతి ఎంచుకుంటే విద్యార్థి లేని రోజుల్లో ఆ కేసు ఎవరిదో క్లయింటుకు, అంటే సాయం కోరి వచ్చిన మనిషికి, ముందే తెలియాలి. ఆసుపత్రి వార్డులో అయితే రోగి గురువారం చేరి మంగళవారం ఇంటికి వెళ్లిపోతాడు. బుధ, శుక్రవారాల విద్యార్థికి అలాంటి రోగిని రెండోసారి చూసే అవకాశమే రాదు. అలాంటి వార్డులకు బ్లాకే నయం.

బ్లాక్ ప్లేస్‌మెంటులో నెల, నెలన్నర విద్యార్థి ప్రతిరోజూ ఉంటాడు. పొద్దున జరిగింది సాయంత్రానికి తెలుస్తుంది, మరుసటి రోజే సరిదిద్దవచ్చు. విశాఖ నుంచి పాడేరుకు ఘాట్ రోడ్డు మీద రానూపోనూ సగం రోజు పోతుంది. హైదరాబాదు నుంచి ఉట్నూరు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏజెన్సీ ప్రాంతాల్లో (గిరిజన ప్రాంతాల మాట, మన ఆఫీసు అనే అర్థంలో కాదు) వారానికి రెండు రోజుల పని మాటలకే పరిమితం. పైగా అక్కడ గోండి, కొలామి, కువి మాట్లాడే ఊళ్లకు తెలుగు తప్ప మరొకటి రాని విద్యార్థిని పంపితే మధ్యన దుబాసీ కావాలి. ఆ దుబాసీ ఎవరన్నది కూడా పర్యవేక్షణలో భాగమే. పెద్దవాళ్లు చెప్పుకునే కష్టాన్ని పదేళ్ల పిల్లవాడి చేత తెలుగులో చెప్పించుకోవడం నేను ఒప్పుకోను.

బ్లాకుకున్న జబ్బు వేరు. రోజూ వచ్చే మనిషి కనబడేసరికి సంస్థకు ఆశ పుడుతుంది. ఎప్పటి నుంచో ఆగిపోయిన బేస్‌లైన్ సర్వే (పని మొదలుపెట్టే ముందటి పరిస్థితిని నమోదు చేసేది) గుర్తుకొస్తుంది. మూడు వందల ఇళ్లు, ఇంటికి నాలుగు పేజీల ప్రశ్నావళి. నెల తిరిగేసరికి విద్యార్థికి తలుపు తట్టడం బాగా వస్తుంది, మరేమీ రాదు. సర్వే చేయించవద్దని అనను, వారంలో ముగించండి. పరిశ్రమల్లో మానవ వనరుల విభాగానికి వచ్చే విద్యార్థుల పరిస్థితీ ఇంతే. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షను 500 మంది, అంతకు మించి కార్మికులున్న చోట సంక్షేమ అధికారి ఉండాలంది. మన ప్రాంతంలో ఈ చదువుకు గిరాకీ పెంచిన దారుల్లో అదొకటి. కార్మికుడి ఇంటి మొహం చూడకుండా హాజరు పట్టీలు సరిచూసి వెళ్లిపోయే విద్యార్థికి ఆ సెక్షను దేనికి పుట్టిందో ఎలా తెలుస్తుంది?

విడిగా కూర్చోబెట్టాలా, అందరితో కలిపా?

కాలేజీ వాళ్లు మొదటిదాన్ని ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్ (ఐ.సి.), రెండోదాన్ని గ్రూప్ కాన్ఫరెన్స్ (జి.సి.) అంటారు. నలుగురు విద్యార్థులున్నప్పుడు గ్రూపు సమయాన్ని ఆదా చేస్తుంది, ఒకరి అనుభవం ముగ్గురికి పాఠమవుతుంది, ‘నాకొక్కడికే రావడం లేదు’ అన్న దిగులు తగ్గుతుంది. గ్రూపులో నష్టపోయేది మాట్లాడని విద్యార్థి. చురుకైనవాడు గంటలో నలభై నిమిషాలు తినేస్తాడు, రెండోవాడు తల ఊపుతూ గడిపేస్తాడు, మూడో అమ్మాయి తన రికార్డు చూడకపోతే బాగుండునని దేవుణ్ణి తలుచుకుంటూ ఉంటుంది. ఎవరికి ఏం రాదో అక్కడ బయటపడదు.

గ్రూపులో ఎన్నడూ బయటపడనిది మరొకటి ఉంది. ఊళ్లో తిరిగేటప్పుడు మీ సిబ్బందిలోనే ఒకరు ఒక విద్యార్థినితో తప్పుగా ప్రవర్తిస్తున్నారనుకోండి. బైకు మీద ఎక్కమని బలవంతం చేస్తున్నారు, రాత్రి పది తర్వాత ఫోను చేస్తున్నారు. ఇది నలుగురి ముందు ఎవరూ చెప్పరు. 2013 నాటి పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం ‘ఉద్యోగి’ అన్న నిర్వచనంలో శిక్షణలో ఉన్నవారినీ చేర్చింది. యూజీసీ 2015 నిబంధనలు ఇంటర్న్‌షిప్పులకు, క్షేత్ర పర్యటనలకు వెళ్లిన చోట్లనూ కాలేజీ పరిధిలోకి తెచ్చాయి. అంటే మీ సంస్థ అంతర్గత కమిటీకీ, కాలేజీ కమిటీకీ ఆమె ఫిర్యాదు చేయవచ్చు. ఈ సంగతి మొదటి రోజే, విద్యార్థులు మగవాళ్లయినా ఆడవాళ్లయినా, కమిటీ సభ్యుల ఫోను నంబర్లతో సహా చెప్పేయండి.

విడిగా వారానికో గంట అన్నది మంచి ఏర్పాటు, మన సంస్థల్లో అది ఎక్కువ కాలం నిలవదు. ఫండింగ్ వాళ్ల విజిటు, నెలవారీ నివేదిక, కలెక్టరేటులో సమీక్ష, ఏదో ఒకటి దాన్ని మింగేస్తుంది. అందుకని నేను వేరేది చెబుతాను. ఫీల్డు రోజున సాయంత్రం విద్యార్థి ఇంటికి బస్సెక్కే ముందు పది నిమిషాలు, కుర్చీలో కూర్చుని, ఫోను పక్కన పెట్టి మాట్లాడండి. ‘ఇవాళ ఎవరిని కలిశారు’ అని అడగొద్దు, అది హాజరు పట్టీ. ‘ఇవాళ మీకు అర్థం కాని మాట ఒకటి ఎవరైనా అన్నారా’ అని అడగండి. ఈ పది నిమిషాలు తప్పు మీకు తెలిసే ఆలస్యాన్ని వారం నుంచి అదే పూటకు దించుతాయి. దీనిపైన రెండు వారాలకోసారి విడిగా గంట, నెలకోసారి గ్రూపు పెట్టుకోగలిగితే చాలు. ఒక్కటే కుదిరేట్టయితే ఆ పది నిమిషాలనే ఎంచుకోండి.

ఫోనులో చేయవచ్చా అంటే, అత్యవసరానికి చేయాల్సిందే. గుమ్మం దగ్గర నిలబడి ‘లోపల ఆయన తాగి ఉన్నాడు మేడమ్, వెళ్లనా?’ అని అడిగే విద్యార్థినికి ఫోనులో వచ్చే ‘వద్దు, వెనక్కి వచ్చేయండి’ అన్న మాట ఏ కాన్ఫరెన్సు కన్నా విలువైనది. పాఠం చెప్పడానికి మాత్రం ఫోను పనికిరాదు. వాట్సాప్ గ్రూపు అసలు పనికిరాదు.

రికార్డు చదవడమా, పక్కన ఉండి చూడడమా?

క్షయ రోగి ఇంటికి వెళ్లొచ్చిన ఒక విద్యార్థిని రికార్డులో ఇలా ఉందనుకోండి: ‘గృహ సందర్శన చేశాను. క్రమం తప్పకుండా మందులు వాడాల్సిన ఆవశ్యకతపై అవగాహన కల్పించాను. ఆయన సానుకూలంగా స్పందించారు.’

చేతిరాత చక్కగా ఉంది, తప్పులు లేవు. ఎవరైనా సంతకం పెట్టేస్తారు. ‘ఆయన అన్నదీ మీరు అన్నదీ ఉన్నదున్నట్టు రాయండి’ అంటే కాగితం మీదకు ఇది వస్తుంది:

‘మందులు వేసుకుంటున్నారా అన్నా?’

‘వేసుకుంటున్నానమ్మా.’

‘మధ్యలో ఆపకూడదు. ఆరు నెలలూ వాడాలి.’

‘అలాగేనమ్మా.’

‘పోషణ డబ్బులు పడుతున్నాయా?’

‘ఆ బ్యాంకు పుస్తకం మా ఆవిడ దగ్గర ఉంది. ఆమె పుట్టింటికి వెళ్లింది.’

‘సరే అన్నా. మందులు మాత్రం మానకండి.’

ఆరో పంక్తి చూడండి. కేసంతా ఆ ఒక్క మాటలో ఉంది. భార్య పుట్టింటికి ఎందుకు వెళ్లింది? జబ్బు అంటుకుంటుందన్న భయమా, పోట్లాటా, కాన్పా? పిల్లలు ఎక్కడున్నారు, వాళ్లకు పరీక్ష చేయించారా? వంట ఎవరు చేస్తున్నారు? నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగికి 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు. ఆ సొమ్ము పడే ఖాతా పుస్తకం ఊళ్లోనే లేదు. ఇన్ని తలుపులు తెరుచుకుంటే విద్యార్థిని వాటి ముందు నుంచి ‘సరే అన్నా’ అనుకుంటూ దాటిపోయింది. ఆమెను తప్పుపట్టేందుకు చెప్పడం లేదు, మొదటి సెమిస్టరులో ఎవరైనా అంతే. ‘అవగాహన కల్పించాను’ అనే వాక్యం ఈ దాటిపోవడాన్ని ఎంత శుభ్రంగా కప్పేస్తుందో చూడమంటున్నాను. ఆ మాట, దాని చెల్లెలు ‘కౌన్సెలింగ్ ఇచ్చాను’, ఈ రెండింటినీ రికార్డులో నిషేధిస్తే సగం పర్యవేక్షణ అయిపోతుంది.

మాటకు మాట రాసే ఈ పద్ధతే ప్రాసెస్ రికార్డింగ్. విద్యార్థి మనసు చదవడానికి ఇంతకంటే మంచి పరికరం లేదు. లోపాలు రెండు. రాయడానికి సంభాషణ కన్నా రెండు మూడింతల సమయం పడుతుంది. ప్రతి సందర్శనకూ ఇదే అడిగితే హాస్టల్ గదిలో కల్పించి రాస్తారు, అదీ బాగా రాస్తారు. రెండోది ఆలస్యం. బుధవారం జరిగింది తరువాతి బుధవారం మీ చేతికొస్తుంది. కాబట్టి రెండు వారాలకొకటి చాలు, అదీ సంభాషణలో పది నిమిషాల ముక్క మాత్రమే. ఏ ముక్క రాయాలో విద్యార్థినే ఎంచుకోనివ్వండి. దేన్ని ఎంచుకున్నారు, దేన్ని వదిలేశారు అన్నదే చాలా చెబుతుంది.

పక్కన ఉండి చూడడంలో ఆలస్యం అసలు లేదు. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాడి కాలి కిందా ఒక బ్రేకు ఉన్నట్టు, మాట దారి తప్పుతుంటే అక్కడికక్కడే పట్టుకోవచ్చు. అయితే క్లయింటు మీ మొహమే చూస్తాడు, మీకే చెప్పుకుంటాడు, విద్యార్థి కుర్చీలా మిగిలిపోతాడు. దీనికి వరుస మార్చాలి. మొదటి రెండు సందర్శనల్లో మీరు మాట్లాడండి, విద్యార్థి చూస్తాడు. తరువాతి రెండింటిలో విద్యార్థి మాట్లాడతాడు. మీరు ఒక పక్కగా కూర్చుని, మీవైపు తిరిగిన ప్రశ్నను కూడా ‘ఈ అమ్మాయి చెబుతుంది’ అని అటు మళ్లించండి. ఆ తర్వాత ఒంటరిగా పంపండి. కుటుంబ హింస, ఆత్మహత్యా ప్రయత్నం, చిన్నపిల్లల కేసుల్లో మొదటి ఏడాది విద్యార్థిని ఒంటరిగా పంపే దశే ఉండకూడదని నా అభిప్రాయం.

కొందరు సంభాషణను ఫోనులో రికార్డు చేయించి వింటామంటారు. క్లయింటు ఒప్పుకున్నా నేను వద్దంటాను. తన మంచికోరే మనిషి అడిగితే ‘వద్దు’ అనగలిగిన పేదవాళ్లు తక్కువ, ఆ ఫైలు విద్యార్థి ఫోనులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

ఫోటోల సంగతి ఇక్కడే చెప్పాలి. హాజరుకు రుజువుగా స్థలం, సమయం పడే ఫోటో పెట్టమని కొందరు అడుగుతున్నారు. విద్యార్థి బాలసదనంలో పిల్లల మధ్య నిలబడి తీయించుకుని గ్రూపులో పెడతాడు, ఒక ప్రింటు రికార్డులో అంటిస్తాడు. బాలల న్యాయ చట్టం 2015, 74వ సెక్షను కింద సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడం నేరం: ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, 23వ సెక్షను రోగి వివరాల గోప్యతను హక్కుగా చెప్పింది. రికార్డులో అసలు పేర్లు, ఊరి పేర్లు వద్దు. గేటు బయట బోర్డు పక్కన నిలబడి తీసుకున్న ఫోటో హాజరుకు సరిపోతుంది.

సొంత కేసు ఇవ్వాలా?

సహాయకుడిగా ఉంచితే ప్రమాదం తక్కువ, నేర్చుకునేదీ తక్కువే. సొంతంగా ఒకటి రెండు కేసులు ఇస్తేనే బాధ్యత తెలుస్తుంది. ఇవ్వండి. ఇచ్చే ముందు ఒక్క విషయం తేల్చి చెప్పండి: బిడ్డ మీద లైంగిక దాడి జరిగిందని ఏ చిన్న అనుమానం వచ్చినా ఆ మాట విద్యార్థి దగ్గర ఆగకూడదు. పోక్సో చట్టం 2012, 19వ సెక్షను ప్రకారం తెలిసినవారెవరైనా ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో స్థానిక పోలీసులకో తెలియజేయాలి. తెలియజేయకపోతే 21వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవారి విషయంలో సంస్థ బాధ్యుడు ఊరుకుంటే శిక్ష ఏడాది దాకా ఉండవచ్చు. ‘ఎవరికీ చెప్పనని మాటిస్తేనే చెబుతా’ అని బడిలో పిల్ల అంటే విద్యార్థి ఏమనాలో ముందే నేర్పాలి. ఆ మాట ఇవ్వకూడదు. ‘నిన్ను కాపాడడానికి చెప్పాల్సినవాళ్లకు చెబుతాను, ఎవరికి చెబుతున్నానో నీకు ముందే చెప్తాను’ అనాలి. దీన్ని ఓరియెంటేషన్ రోజున ఇద్దరు విద్యార్థులను ఎదురెదురుగా కూర్చోబెట్టి, గట్టిగా పలికించండి. కాగితం మీద చదివితే నోటికి రాదు.

మార్కులు

ఏజెన్సీ సూపర్‌వైజరు మార్కులు వేయాల్సిన చోట అందరికీ తొంభై పైనే వేయడం మర్యాదగా మారింది. దాని మీద నేను ఎక్కువ చెప్పను. సెమిస్టరు మధ్యలో ఒకసారి, మార్కుల ప్రసక్తి లేకుండా, బాగా చేస్తున్నవి రెండు, మారాల్సినవి రెండు రాసి విద్యార్థి చేతికే ఇవ్వండి, కాపీ అధ్యాపకుడికి పంపండి. ఆ కాగితం ఉంటే చివర్లో ఎనభై వేసినా ఎవరూ కంగుతినరు. లేకపోతే తొంభై అయిదు వేసినా విద్యార్థికి తాను ఎక్కడున్నాడో తెలియదు.

తీసుకోకపోవడం

ఇది కూడా ఒక ఎంపికే, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కోఆర్డినేటరు పోస్టు ఖాళీగా ఉంది, ప్రాజెక్టు మూడు నెలల్లో ముగిసిపోతోంది, ఊళ్లో సిబ్బందికీ జనానికీ మధ్య గొడవ నడుస్తోంది. అలాంటప్పుడు విద్యార్థులను రానివ్వడం వాళ్లకూ మంచిది కాదు, మీ క్లయింట్లకూ కాదు. కాలేజీతో సంబంధం చెడుతుందేమోనన్న మొహమాటంతో ఒప్పుకున్న చోటే ఫైళ్లు సర్దే విద్యార్థులు తయారవుతారు. ‘ఈ సెమిస్టరు కుదరదు, జనవరి నుంచి ఒక్కరిని తీసుకోగలం’ అని రాస్తే మంచి విభాగం ఏదీ బాధపడదు.

తీసుకోదలచినా ‘ఇద్దరిని పంపండి’ అని ఊరుకోకండి. జవాబులో మూడు విషయాలు అడగండి: ఒకటి, అధ్యాపక సూపర్‌వైజరు పేరు, ఫోను నంబరు; రెండు, ఆయన మీ సంస్థకు వచ్చే తేదీలు, కనీసం మొదటి తేదీ; మూడు, విద్యార్థులు అంతకు ముందు సెమిస్టరులో ఎక్కడ పనిచేశారో, అక్కడ వాళ్లకు ఏం చెప్పి పంపారో. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి వచ్చినా, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం నుంచి వచ్చినా, హైదరాబాదు రోడా మిస్త్రీ కళాశాల నుంచి వచ్చినా ఇవే అడగండి. ఇగ్నో లాంటి దూరవిద్య విద్యార్థి అయితే మొదటిదాని మీద ఇంకా గట్టిగా నిలబడాలి. వాళ్లలో చాలామంది ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు వస్తారు, ఆ రోజు మీ ఆఫీసుకు తాళం ఉంటుంది. ఆ తాళం తీసి కూర్చునేవారు ఎవరో తేలేదాకా తేదీ ఇవ్వకండి.